ఏస్తేరు చదివిన వార్త

ఈ కథలో తాగుడు గురించి చాలా మాటలొస్తాయి కాబట్టి ఒక సంగతి ముందే చెప్పేస్తాను. కృపారావు గారి ఆటోలో నేను ఇరవైకి పైగా శనివారాలు ఎక్కాను. ఒక్కసారి కూడా ఆయన దగ్గర మందు వాసన రాలేదు. వక్కపొడి వాసన వచ్చేది, ఎండ బాగా కాసిన రోజు చెమట వాసన వచ్చేది, అంతే. ఆ సంగతి అందరికంటే బాగా తెలిసిన మనిషిని నేనే. తెలిసి కూడా ఆయన్ని తాగుబోతని రాసిన మనిషినీ నేనే.

మాది నందిగామ. మా నాన్న ఉమాకాంతం గారు కోర్టులో గుమాస్తా. ప్లీడర్లు కూడా ఎదురొచ్చి నమస్కారం పెట్టే మనిషి. అమ్మ పేరు చూడామణి. నేను ఒక్కతే కూతుర్ని. బి.ఏ. అయ్యాక ఎమ్మెస్‌డబ్ల్యూ చేస్తానని పట్టుబట్టాను. సోషల్ వర్క్‌లో పీజీ అంటే మా చుట్టాలకి ఏమీ అర్థం కాలేదు. అది చదివితే ఉద్యోగమొస్తుందా అని ఒకరు, గుడిసెల్లో తిరగాలటగా అని ఒకరు అడిగేవాళ్ళు. వాళ్ళకి నేను సేవ గురించీ పిల్లల హక్కుల గురించీ గంటలకొద్దీ ఉపన్యాసాలిచ్చేదాన్ని. అసలు కారణం ఆ ఉపన్యాసాల్లో ఉండేది కాదు. కోర్సు హైదరాబాదులో, హాస్టల్ ఉంది. మా ఇంట్లోంచి మర్యాదగా బయటపడటానికి నాకు కనపడిన దారి అదొక్కటే.

సీటు కావాలంటే ఇంటర్వ్యూకి ఒక ఫైలు పట్టుకెళ్ళాలి. అందులో రెండుండాలి. బడిపిల్లలతో నూట ఇరవై గంటలు పని చేసినట్టు హెడ్మాస్టరు సంతకాలు, ఆ పిల్లల్లో ఒకరి మీద ఒక కేస్ స్టడీ. మా కాలేజీలో సోషియాలజీ చెప్పిన రాజ్యశ్రీ మేడం జగ్గయ్యపేటలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో మాట్లాడిపెట్టారు. శనివారం శనివారం ఆరు గంటలు. ఆరు, ఏడు తరగతుల్లో ఇంకా చదవడం రాని పిల్లల్ని కూర్చోబెట్టి తెలుగు చదివించాలి.

నందిగామలో బస్సెక్కి చిల్లకల్లులో దిగేదాన్ని. అక్కణ్ణించి పేటలోకి కృపారావు గారి ఆటో. ఆయన బతుకుతెరువే బడిపిల్లల్ని చేరవెయ్యడం. పిల్లలు పడిపోకుండా ఆటోకి రెండు పక్కలా నీలం నైలాను తాడు వల లాగా అల్లాడు. పదకొండు మంది పిల్లలు, ఒక్కొక్కరికి ఒక నంబరు. ఎక్కేటప్పుడు ఎవరి నంబరు వాళ్ళు గట్టిగా చెప్పాలి, దిగేటప్పుడు మళ్ళీ చెప్పాలి. ఒక్క నంబరు వినపడకపోతే బండి కదలదు. సొంత కూతురు ఏస్తేరుది పదకొండో నంబరు. మిగతావాళ్ళందరూ సర్దుకున్నాకే ఆ పిల్ల ఎక్కాలి. మూడో వారం నేను ఎక్కగానే ఆయన అద్దంలోంచి చూసి, పన్నెండు ఏదమ్మా అన్నాడు. పిల్లలు పకపకా నవ్వారు. నేను సిగ్గుపడుతూ పన్నెండు అన్నాను. ఆ రోజు నుంచి చార్జీ ఇస్తే తీసుకోవడం మానేశాడు. పిల్లలకి చదువు చెప్పడానికి వచ్చే మనిషి దగ్గర తీసుకుంటే బాగుండదన్నాడు.

ఏస్తేరు ఏడో తరగతి. అక్షరాలన్నీ వచ్చు, కలిపి చదవడం రాదు. నాలుగు అక్షరాలు దాటేసరికి మొదటి అక్షరం మర్చిపోయేది. అంత మొండి పిల్లని నేను చూడలేదు. మిగతావాళ్ళు నీళ్ళకని లేచిపోతే అది మాత్రం వేలు అక్షరం కింద పెట్టుకుని, పెదాలు కదుపుతూ, వాక్యం తేలేదాకా కూర్చునేది. నేను పెట్టిన నియమం ఒక్కటే. మొదలుపెట్టింది చివరిదాకా చదవాలి, మధ్యలో ఆపకూడదు. సంక్రాంతి సెలవులు అయ్యేసరికి ఏస్తేరు పాఠం మొత్తం చదివేస్తోంది. బళ్ళో పుస్తకాలు చాలక ఆటోలో పోతూ పోతూ ఎరువుల కొట్టు బోర్డులు, సిమెంటు లారీల వెనక రాతలు, గోడల మీద విత్తనాల ప్రకటనలు అన్నీ పైకి చదివేది. ఏం చదివినా ముందు సీట్లో కృపారావు గారు ఊఁ కొట్టేవాడు. వాళ్ళ నాయనమ్మ ఆరోగ్యమ్మకి చూపు ఆనదు. సాయంత్రాలు ఆమెకి బైబిలు చదివి వినిపిస్తున్నానని ఏస్తేరు నాకు గొప్పగా చెప్పింది.

నేను అదే రాశాను మొదట. చదవడం రాని పిల్లకి చదవడం వచ్చిందని రెండు పేజీలు. రాజ్యశ్రీ మేడం చదివి, బాగుందమ్మా, కానీ సమస్య ఏదీ అన్నారు. కుటుంబ నేపథ్యం, సమస్య, మన ప్రయత్నం, ఫలితం, ఇట్లా నాలుగు భాగాలుండాలి. రెండో భాగం ఖాళీగా ఉంటే అది కేస్ ఎట్లా అవుతుందన్నారు. ఆ ఇంట్లో ఏమీ లేదండీ అన్నాను. ఇంకొంచెం దగ్గరగా చూడు, ఏదో ఒకటి ఉంటుంది అన్నారు. కిందటేడు ఇంటర్వ్యూకి వెళ్ళినవాళ్ళ ఫైళ్ళు కూడా చూడమని ఇచ్చారు. అయిదు ఫైళ్ళలో నాలుగింట తండ్రి తాగుబోతు. మేడం నన్ను అబద్ధం రాయమనలేదు. ఆవిడ తరఫున ఆ మాట చెప్పడం న్యాయం. ఆవిడ చూడమన్నారు. నేను చూడకుండానే రాశాను.

ఆదివారం మధ్యాహ్నం మా భోజనాల బల్ల మీద రాశాను. గంటలో నాలుగు పేజీలు. తండ్రి తాగి వచ్చి అన్నం పళ్ళెం గోడకి విసిరాడని రాశాను. పప్పు ఒలికి గోడ మీది కాలెండరు పాడైతే, ఎవరైనా చూస్తారని తల్లి దాన్ని వెనక్కి తిప్పి తగిలించిందని రాశాను. ఆ గొడవ జరుగుతున్నంతసేపూ పిల్ల పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుని చదువుతున్నట్టు నటించేదనీ, చదువంటే భయం అట్లా పట్టుకుందనీ రాశాను. నేను వెళ్ళి తండ్రికి నచ్చజెప్పానట, అతను కళ్ళనీళ్ళు పెట్టుకుని మానేశాడట. చెయ్యి ఎక్కడా ఆగలేదు. ఇంత బాగా రాయగలనా అని నాకే ముచ్చటేసింది. ఆ రాతలో ఆయన వాడు. తాగేవాడు, కొట్టేవాడు, విసిరేవాడు. పిల్లల పేర్లు మార్చి రాయాలని మా పుస్తకంలో ఉంది. ఫెయిర్ కాపీలో మారుద్దామనుకున్నాను. ఫెయిర్ కాపీ రాయలేదు.

ఫిబ్రవరిలో కాలేజీ వార్షికోత్సవం. నాకు ఉత్తమ వాలంటీరని షీల్డు ఇచ్చారు. రాజ్యశ్రీ మేడం మురిసిపోయి నా ఫైలుని పేపరు విలేకరి సతీష్‌బాబు చేతికిచ్చారు. పాపతో దిగిన ఫొటో ఏదైనా ఉందా అని అతను నన్నడిగాడు. ఉంది. ఫోనులోంచి అక్కడికక్కడే పంపించాను. పేర్లు మార్చలేదన్న సంగతి ఆ నిమిషంలో గుర్తొచ్చింది. గుర్తురాలేదని చెప్పుకుంటే ఇప్పుడు నాకు సుఖంగా ఉండేది. చెబితే వార్త ఆగిపోతుందేమో, ఆగకపోయినా ఫొటో తీసేస్తారేమో అని ఊరుకున్నాను.

గురువారం జిల్లా పేజీలో వచ్చింది. 'చీకటింట అక్షర దీపం' అని పెద్ద అక్షరాలు. ఏస్తేరు భుజం మీద నా చెయ్యి. కింద ఆటోడ్రైవరు కృపారావు, ఊరి చివర వాళ్ళ కాలనీ పేరు, పళ్ళెం, గోడ, కాలెండరు అన్నీ ఉన్నాయి. ఆ పొద్దున నేను సంతోషించాను. స్టేటస్‌గా పెట్టుకున్నాను. పదింటికల్లా అరవై మంది చూశారు. నాన్న ఆ పేపరు మడిచి కోర్టుకి పట్టుకెళ్ళి ప్లీడర్లందరికీ చూపించారు. సాయంత్రం వచ్చి, జడ్జిగారు కూడా చదివి మెచ్చుకున్నారమ్మా అన్నారు. వార్త మొత్తం చదివిన మనిషి. అందులో తాగి పళ్ళెం విసిరింది తనేనని ఆయనకి తట్టలేదు.

అమ్మకి తట్టింది. చిక్కుడుకాయలు వలుస్తూ ఒకసారి చదివింది. కాయలు పక్కన పెట్టి మళ్ళీ చదివింది.

"ఈ గోడ మనదేగా మనూ," అంది. "కాలెండరు తిప్పి పెట్టింది నేను."

నేను చిక్కుడుకాయలు నా ముందుకి లాక్కున్నాను.

"మన సంగతి తీసుకెళ్ళి ఆయనెవరికో ఎందుకు పెట్టావు?" అంది. కోపంగా అన్లేదు. నిజంగా అర్థం కాక అడిగింది.

నాన్న రోజూ తాగరు. తాగిన రోజు తలుపేసుకుంటారు. మా ఇంట్లో ఏం జరిగినా గడప దాటదు, ఎందుకంటే మాది గౌరవమైన ఇల్లు. ఇరవై రెండేళ్ళలో ఒక్క స్నేహితురాలికి కూడా నేను ఆ సంగతి చెప్పలేదు. చెప్పాలని లోపల ఉన్నట్టుంది. సొంత నాన్న మీద పెట్టి చెప్పే ధైర్యం లేక, ఏస్తేరు నాన్న మీద పెట్టి జిల్లా అంతటికీ చెప్పాను.

ఆ శనివారం చిల్లకల్లులో దిగేసరికి ఆటో నిలబడి ఉంది. లోపల నలుగురే పిల్లలు. కృపారావు గారు ఎప్పటిలాగే నంబర్లు చెప్పమన్నాడు. రెండు, ఆరు, తొమ్మిది, పదకొండు. మిగతా నంబర్ల దగ్గర ఎవరూ ఏమీ అనలేదు. నన్ను చూసి, ఎక్కండమ్మా అన్నాడు. తాగేవాడి బండిలో పిల్లల్ని పంపేది లేదని రెండు రోజుల్లో ఏడుగురి ఇళ్ళలో చెప్పేశారని నాకు తొమ్మిదో నంబరు పిల్ల చెవిలో చెప్పింది. ఆయన దారి పొడుగునా రోడ్డు మీదే కళ్ళు పెట్టి నడిపాడు. బడి గేటు దగ్గర దిగాక మాత్రం, హెడ్మాస్టరు గారు తల్లిదండ్రుల్ని పిలిపించారు, మీరూ ఒకసారి రావాలట అన్నాడు. నా మీద కోపమేమైనా ఉందేమోనని మొహం చూశాను. బతిమాలుతున్నట్టుంది తప్ప కోపం లేదు. నిజం నేను చెబుతానని ఆయన నమ్మకం.

హెడ్మాస్టరు భవానీప్రసాద్ గారి గదిలో ఆటో పిల్లల అమ్మానాన్నలు తొమ్మిది మంది నిలబడి ఉన్నారు. గురువారం ఏం జరిగిందో కృపారావు గారే చెప్పాడు.

"ఎవరో పేపరు తెచ్చిచ్చారండి, నీ బిడ్డ ఫొటో పడిందని. మా అమ్మకి కళ్ళు ఆనవు గదా, చదివి వినిపించమంది. నేను వాకిట్లో ఆటో తుడుచుకుంటున్నా. పిల్ల గట్టిగా చదివింది. నేను తాగుతానని నాకు అప్పుడే తెలిసిందండి. మా అమ్మ ఆపవే ఆపవే అంటానే ఉంది. ఆపలా. చివరిదాకా చదివింది."

నా నియమం అది. మధ్యలో ఆపకూడదు.

మూడో నంబరు పిల్ల తల్లి నాగశ్రీ మధ్యలో అందుకుంది. అంత చదువుకున్న మేడంగారే రాశాక ఇంకా ఏముంది, పిల్లల్ని చూస్తూ చూస్తూ ఎట్లా పంపుతాం అంది. భవానీప్రసాద్ గారు నావైపు తిరిగారు. పాప చెప్పిందే రాశారు కదమ్మా అని నన్ను అడిగారు. నేను నోరు తెరిచాను. ఏం చెప్పాలా అని ఇంకా వెతుక్కుంటున్నాను. అప్పుడు గుమ్మం దగ్గర నుంచి ఏస్తేరు అంది:

"నేనే చెప్పానండి. మా నాన్న తాగుతాడని నేనే చెప్పా. అబద్ధం చెప్పా."

కృపారావు గారు కూతురి వంక చూశాడు. కొట్టలేదు, తిట్టలేదు. భుజం మీది కండువా తీసి చంకలో పెట్టుకుని అందరికీ చేతులు జోడించాడు. చిన్నపిల్ల, తెలియక చెప్పింది, నా బిడ్డ తప్పు నాదే అన్నాడు. తర్వాత నా వంక తిరిగాడు.

"మీరేం అనుకోమాకండమ్మా. మీరు పిల్ల మాట నమ్మారు. మీ తప్పేం లేదు."

నాకు హాయిగా అనిపించింది. ఇంతదాకా చెప్పుకొచ్చి ఇది దాచడమెందుకు, ఆ ఒక్క క్షణం ఎవరో దించిన బరువులాగా హాయిగా అనిపించింది. పెద్దవాళ్ళందరూ ఏస్తేరుని చూస్తున్నారు. నన్నెవరూ చూడటంలేదు. భవానీప్రసాద్ గారు ఈ కాలం పిల్లల గురించి ఏదో అని, అందర్నీ పంపించి, నా ఫైలు తీసి చివరి సంతకం పెట్టారు. నూట ఇరవై గంటలు పూర్తి. ఇంటర్వ్యూ బాగా చెయ్యమ్మా అన్నారు. థాంక్యూ సర్ అన్నాను.

ఏస్తేరు వరండాలో స్తంభం దగ్గర కూర్చుని ఉంది. పక్కన కూర్చున్నాను. అట్లా ఎందుకు చెప్పావని అడిగాను. నన్ను కాపాడటానికి చెప్పిందనుకున్నాను. అట్లా చెప్పి ఉంటే కొంత తేలిగ్గా ఉండేది.

"మీరు అబద్ధం రాయరు గదక్కా," అంది. "నేనే ఎప్పుడో చెప్పుంటా. ఎంత ఆలోచించినా గుర్తు రావట్లా."

బస్సులో ఆ మాట నాతోనే వచ్చింది. సంతకాలున్న ఫైలు ఒళ్ళో పెట్టుకుని, నందిగామలో దిగడం మర్చిపోయి కంచికచర్ల దాకా పోయాను.

సోమవారం సతీష్‌బాబుని కలిశాను. వార్త తప్పు, ఆయన తాగడు, అది సరిదిద్దుతూ నాలుగు లైన్లు వెయ్యమని అడిగాను. అతను చెడ్డవాడు కాదు. టీ తెప్పించాడు. తాగనివాళ్ళ గురించి వార్తెవరు రాస్తారండీ అని నవ్వాడు. అయినా ఇప్పుడు తప్పని వేస్తే మీ షీల్డు సంగతీ మేడంగారి సంగతీ ఏమవుతుందో ఆలోచించుకోండి అన్నాడు. ఆలోచించుకుంటూనే ఇంటికొచ్చాను. గురువారం దాకా ఆలోచిస్తూనే ఉన్నాను. ఆలోచన అని దానికి నేను పెట్టుకున్న పేరు, అసలు పేరు పిరికితనం. ఆ నాలుగు రోజులూ చిల్లకల్లులో ఒక మనిషి నలుగురు పిల్లలతో బండి నడుపుతున్నాడు. శుక్రవారం పొద్దున హెడ్మాస్టరు గారికి ఫోను చేసి, శనివారం అందర్నీ మళ్ళీ పిలిపించమన్నాను.

అమ్మకి చెప్పాను. వెళ్ళు అంది. బాక్సు కట్టిస్తూ, "నాన్న సంగతి రాకుండా చెప్పగలవేమో చూడు," అంది.

నేనూ అదే అనుకుని వెళ్ళాను. అదే గది, అవే మొహాలు. ఏస్తేరుని కూడా లోపలికి రమ్మన్నాను. రాసేటప్పుడు పేర్లు తారుమారయ్యాయని, వేరే ఎవరిదో సంగతి కృపారావు గారి పేరు మీద పడిందని, ఏస్తేరు నాకు ఏమీ చెప్పలేదని చెప్పాను. బాగానే చెప్పాననుకున్నాను. నాగశ్రీ వదిలిపెట్టలేదు.

"తారుమారైందంటున్నారు, సరే. మరి ఆ తాగేవాడెవడు? మీరు చదువు చెప్పేది ఈ పిల్లలకేగా. ఈళ్ళలో ఎవరి నాన్నో చెప్పండి. మాకూ తెలియాలిగా."

అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. సిమెంటు ఫ్యాక్టరీ యూనిఫాంలో ఉన్న ఒకాయన ఎందుకో తలొంచుకున్నాడు. పక్కనున్న ఆయన అది గమనించాడు. ఇంకో నిమిషం ఊరుకుంటే కృపారావు గారి మీద నుంచి దాన్ని తీసి ఈయన మీద పెట్టేదాన్ని.

"మా నాన్నండి," అన్నాను. "నందిగామ కోర్టులో పనిచేస్తారు. పేరు ఉమాకాంతం. పళ్ళెం విసిరింది మా ఇంట్లో. ఆ కాలెండరు మాది. కృపారావు గారి గురించి నేను రాసిందంతా అబద్ధం."

భవానీప్రసాద్ గారు పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టారు. నాగశ్రీయే మళ్ళీ అడిగింది. ఈసారి గొంతు తగ్గించి అడిగింది.

"మీ నాన్న తాగితే ఈయన పేరెందుకు రాశారమ్మా?"

ఆ ప్రశ్నకి జవాబు నాకు వారం నుంచి తెలుసు. చెప్పకుండా ఉండాల్సిందేమో. కానీ ఆ గదిలో ఇంక అబద్ధం చెప్పే ఓపిక లేదు.

"ఆటో నడిపే మనిషి, ఆ కాలనీ మనిషి అంటే అందరూ నమ్ముతారని," అన్నాను.

ఆ గదిలో సగం మందిది ఆ కాలనీయే. అది నోరు జారాక గుర్తొచ్చింది. ఒకావిడ చీర కొంగు భుజం మీదికి లాక్కుంది. సిమెంటు ఫ్యాక్టరీ ఆయన బయటికి వెళ్ళిపోయాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఎవరూ తిట్టలేదు.

కృపారావు గారు నా వంక చూడలేదు. కూతురి ముందు గొంతుక్కూర్చున్నాడు.

"నువ్వు చెప్పలేదంట ఏస్తేరూ. విన్నావా? నువ్వు చెప్పలా," అన్నాడు. ఆ పిల్ల తల ఊపింది. ఆయన కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. "వారం రోజులు దీంతో మాట్లాడలేదండి," అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు. "వారం."

ఏడుగురు పిల్లలు మానేశారు, బండి ఖాళీగా తిరుగుతోంది, ఆ నష్టమే నా తప్పనుకుంటూ వచ్చాను. పన్నెండేళ్ళ పిల్లని వాళ్ళ నాన్న వారం రోజులు పలకరించలేదన్న సంగతి నేను ఊహించను కూడా లేదు. మా నాన్న నాతో మాట్లాడని రోజులు నాకు తెలుసు. అవి ఎట్లా ఉంటాయో నాలుగు పేజీలు రాయగలను.

నందిగామ ఎంత దూరమని. సోమవారానికి ఆ మాట కోర్టుకి చేరింది. నాన్న సాయంత్రం వచ్చి కుర్చీలో కూర్చుని నన్ను పిలిచారు. అరుస్తారనుకున్నాను.

"అక్కడ ఎంతమంది ఉన్నారు?" అని అడిగారు.

"తొమ్మిది మంది," అన్నాను. కృపారావు గారు, ఏస్తేరు, హెడ్మాస్టరు గారు కాకుండా అని చెప్పబోయి ఆగాను. నాన్న లేచి గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు. ఇప్పుడు నాతో ఏం చెప్పాలన్నా అమ్మకి చెబుతారు. కాలెండరు మీద పడిన పప్పు ఇప్పుడాయనకి గుర్తొచ్చిందో లేదో నాకు తెలియదు.

రాజ్యశ్రీ మేడం దగ్గరికి వెళ్ళి షీల్డు ఇచ్చేశాను. పేర్లయినా మార్చి ఉండాల్సింది కదమ్మా అన్నారు ఆవిడ. ఆవిడకి అర్థమైంది అంతే. ఫైల్లోంచి ఆ నాలుగు పేజీలూ చించేస్తే ఇంటర్వ్యూకి పనికొచ్చేది ఏమీ మిగల్లేదు. నేను వెళ్ళలేదు. వచ్చే ఏడాది చూద్దామంటోంది అమ్మ. పిల్లలకి సాయం చేసే ఉద్యోగానికి నేను పనికొస్తానో లేదో నాకిప్పుడు నమ్మకం లేదు.

పేటకి మాత్రం వెళుతూనే ఉన్నాను. గంటలకి సంతకాలు ఎవరూ పెట్టరు, నేనూ అడగను. భవానీప్రసాద్ గారు వద్దనలేదు, రమ్మనీ అనలేదు. ఆటోలో పిల్లలు తొమ్మిది మందయ్యారు. మిగిలిన ఇద్దరు రాలేదు. ఆ మేడం మొదట ఒకటి రాసింది, తర్వాత ఒకటి చెప్పింది, ఏది నిజమో ఎవరికి తెలుసు అన్నారట. అందులో తప్పు పట్టడానికి ఏముంది. కృపారావు గారు నన్ను చూసి, ఎక్కండమ్మా అంటాడు. చార్జీ ఇస్తే తీసుకుంటాడు. నంబర్లు పదకొండుతో ఆపేస్తాడు.

ఏస్తేరు ఇప్పుడు ఆటోలో బోర్డులు చదవడం లేదు. క్లాసుకి వస్తుంది, నా ఎదురుగానే కూర్చుంటుంది. నన్ను అక్కా అనే పిలుస్తుంది. మొన్న శనివారం లైబ్రరీ బీరువాలోంచి ఏనుగుల మీద ఒక చిన్న పుస్తకం తీసిచ్చి చదవమన్నాను. బొమ్మలున్నాయి, తేలిక మాటలు, దానికి నచ్చుతుందనుకున్నాను. పుస్తకం తెరిచి, వేలు మొదటి అక్షరం కింద పెట్టింది. చదువుతుందని చూస్తున్నాను. తలెత్తి నన్ను అడిగింది.

"ఇది రాసినవాళ్ళు చూసి రాశారా అక్కా?"

నాకు తెలియదన్నాను. వేలు అక్కడే ఉంది.